నోటిమాట చాలదు... రాసిస్తేనే రీకాల్‌!

కొత్త బండి కొంటే పూజ చేయిస్తాం, దిష్టి తీయిస్తాం. మరి లోపం ఫ్యాక్టరీలోనే పుట్టి బండితో పాటే ఇంటికొస్తే? దాన్ని సరిచేసే బాధ్యత కంపెనీదే. కానీ ఆ బాధ్యతను గుర్తుచేయాల్సింది మాత్రం చాలాసార్లు మనమే!

కారు ఇంటికొచ్చిన రోజు పండగే. గుడి ముందు కొబ్బరికాయ, బానెట్‌ మీద పసుపు కుంకుమలు, చక్రాల కింద నిమ్మకాయలు... అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి. నెల తిరక్కుండానే ఏ ఫ్లైఓవర్‌ మీదో ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోతుంది. వెనకాల లారీ హారన్‌. పక్కన పిల్లలు. గుండె ఆగినంత పనవుతుంది. మర్నాడు సర్వీస్‌ సెంటర్‌కి తీసుకెళితే అక్కడి కుర్రాడు కాసేపు అటూ ఇటూ చూసి ‘బాగానే ఉంది సార్‌, ఈ మోడల్‌ అప్పుడప్పుడూ అంతే’ అంటాడు. సరేననుకుని మనమూ ఇంటికొచ్చేస్తాం.

నిజానికి ఆగాల్సింది అక్కడే! ‘ఈ మోడల్‌ అంతే’ అన్నాడంటే అర్థమేంటి? ఇదే ఇబ్బందితో మనకంటే ముందు ఇంకొందరు వచ్చివెళ్లారని. వాళ్లలో ఎవరూ ఆ మాటను కాగితం మీద పెట్టించలేదని. నోటితో చెప్పిన ఫిర్యాదు కౌంటర్‌ దాటదు. అదే రాతపూర్వకంగా నమోదైతే, అలాంటివి వంద, వెయ్యి పోగైతే... లక్షల బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయాల్సిన పరిస్థితి ఎంత పెద్ద కంపెనీకైనా వస్తుంది. దాని పేరే రీకాల్‌.

అసలేంటీ రీకాల్‌?

రీకాల్‌ అనగానే చాలామంది ‘ఆ బండి చెత్తదన్నమాట’ అనుకుంటారు. అది అపోహ. ఒక కారులో వేల విడిభాగాలుంటాయి. వాటిలో చాలావరకు కారు కంపెనీ సొంతంగా చేసుకునేవి కావు. బయట సరఫరాదారుల దగ్గర్నుంచి వస్తాయి. వాళ్ల దగ్గర ఒక విడతలో తయారైన భాగాల్లో ఏదైనా తేడా వస్తే, అవి బిగించిన బండ్లన్నిటికీ ఆ తేడా అంటుకుంటుంది. అందుకే రీకాల్‌ ప్రకటనల్లో ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తయారైనవి’ అని ఉంటుంది.

ఉదాహరణకు 2020 జులైలో మారుతీ సుజుకీ 1,34,885 కార్లను వెనక్కి పిలిచింది. వాటిలో 56,663 వ్యాగన్‌ఆర్‌లు, 78,222 బాలెనోలు. కారణం ఫ్యూయల్‌ పంపులో లోపం ఉండొచ్చన్న అనుమానం. 2021 మే నెలలో రాయల్‌ ఎన్‌ఫీల్డ్‌ 2,36,966 మోటారుసైకిళ్లను పిలిచింది. ఇగ్నిషన్‌ కాయిల్‌లో లోపం వల్ల ఇంజిను సరిగ్గా పనిచేయకపోవచ్చని, అరుదుగా షార్ట్‌సర్క్యూట్‌ కూడా కావచ్చని చెప్పింది. అన్ని బండ్లనూ పిలిచినా భాగం మార్చాల్సి వచ్చేది పది శాతం లోపు వాటికేనని కూడా అంచనా వేసింది. పది శాతం కోసం అందర్నీ ఎందుకు పిలవాలంటే... ఆ పది శాతంలో మీ బండి ఉందో లేదో విప్పి చూస్తే తప్ప తెలియదు కాబట్టి!

అలాగని ప్రతి ఇబ్బందీ రీకాల్‌ దాకా వెళ్లదు. ఏసీ సరిగ్గా చల్లబడకపోవడం, రంగు వెలిసిపోవడం, చెప్పినంత మైలేజీ రాకపోవడం... ఇవి వారంటీకి సంబంధించిన తగాదాలు. బ్రేకులు పడకపోవడం, స్టీరింగు పట్టేయడం, నడుస్తున్న బండి ఆగిపోవడం, పెట్రోలు కారడం, పొగలు రావడం, ఎయిర్‌బ్యాగు తెరుచుకోకపోవడం... ఇవి ప్రాణాలకు సంబంధించినవి. రీకాల్‌ వీటి కోసమే.

ఒక పుస్తకం... ఒక చట్టం

కంపెనీలు తమంతట తాము మనసు మార్చుకుంటే వచ్చిన పద్ధతి కాదిది. దీని వెనక అరవై ఏళ్ల పోరాటం ఉంది. 1960ల మొదట్లో అమెరికాలో ప్రమాదం జరిగితే తప్పంతా డ్రైవరుదే. ‘జాగ్రత్తగా నడపాలి’ అన్న మాటే తప్ప ‘జాగ్రత్తగా తయారుచేయాలి’ అన్న మాట వినపడేది కాదు. 1965లో 31 ఏళ్ల న్యాయవాది రాల్ఫ్‌ నాడర్‌ ‘అన్‌సేఫ్‌ ఎట్‌ ఎనీ స్పీడ్‌’ అనే పుస్తకం రాశాడు. జనరల్‌ మోటార్స్‌ వారి షెవర్లే కార్వైర్‌ కారు వెనక చక్రాల సస్పెన్షన్‌ తయారీలోనే లోపముందని, మలుపుల్లో అదుపు తప్పుతుందని అందులో వివరించాడు. మిగతా అధ్యాయాల్లో మొత్తం పరిశ్రమనే నిలదీశాడు.

ఆ కంపెనీ ఏం చేసింది? కారును బాగుచేసే సంగతి పక్కనపెట్టి, నాడర్‌ వెనక ప్రైవేటు డిటెక్టివ్‌లను పెట్టింది. సంగతి బయటపడింది. 1966 మార్చిలో కంపెనీ అధ్యక్షుడు జేమ్స్‌ రోష్‌ సెనేట్‌ ఉపసంఘం ముందు నిలబడి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అధ్యక్షుడు లిండన్‌ జాన్సన్‌ వాహన భద్రత చట్టంపై సంతకం చేశాడు. బండిలో ప్రమాదకరమైన లోపముందని తెలిస్తే ఆ సంగతి యజమానికి చెప్పి తీరాలన్నది అందులో ఒక నిబంధన.

అయితే ఒక చిక్కు మిగిలింది. చెప్పడం వరకే తప్పనిసరి, బాగుచేసే ఖర్చు ఎవరిదన్నది చట్టంలో లేదు. 1974లో చట్టాన్ని సవరించాక గానీ ఉచితంగా బాగుచేయాలన్న నిబంధన రాలేదు. ఇప్పుడు మనం సహజమనుకునే ‘ఉచితం’ అన్న మాట కోసం అక్కడివాళ్లు ఎనిమిదేళ్లు ఆగారన్నమాట!

టీవీలో వచ్చిన కథనం

చట్టమైతే వచ్చింది. మరి లోపాలున్నాయని ప్రభుత్వానికి తెలిసేదెలా? 1970లో ఏర్పడిన ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే రహదారి భద్రతా సంస్థ వాహన యజమానుల నుంచి నేరుగా ఫిర్యాదులు తీసుకుంటుంది. ఒక్కో ఫిర్యాదు విడిగా చూస్తే చిన్నదే. కానీ ఒకే మోడల్‌ మీద, ఒకే భాగం మీద పదేపదే వస్తుంటే దర్యాప్తు మొదలవుతుంది.

దీనికి మంచి ఉదాహరణ 2000 సంవత్సరంలో జరిగిన ఫైర్‌స్టోన్‌ టైర్ల వ్యవహారం. ఫోర్డ్‌ ఎక్స్‌ప్లోరర్‌ వాహనాలకు బిగించిన ఈ టైర్లు, వేగంగా వెళ్తున్నప్పుడు పైపొర ఊడి వచ్చేసేవి. బండి పల్టీలు కొట్టేది. హ్యూస్టన్‌ నగరంలోని ఒక టీవీ స్టేషన్‌ ఆ ఏడాది ఫిబ్రవరిలో దీనిపై కథనం ప్రసారం చేసింది. అంతే! ‘మా బండికీ ఇలాగే జరిగింది’ అంటూ ఫోన్లు. ఆ ఫోన్లు చేసినవాళ్లను భద్రతా సంస్థకు ఫిర్యాదు చేయమన్నారు. అప్పటిదాకా ఎవరికి వారు తమ దురదృష్టం అనుకున్నది, ఒకచోట చేరేసరికి అందరి సమస్య అయింది. మే నెలలో దర్యాప్తు మొదలైంది. ఆగస్టులో 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంటున్నట్టు ఫైర్‌స్టోన్‌ ప్రకటించింది. ఈ టైర్లతో ముడిపడిన ప్రమాదాల్లో 271 మంది చనిపోయారని తర్వాత లెక్క తేలింది.

ఇందులో ఇంకో సంగతి కూడా బయటపడింది. అమెరికాలో గొడవ మొదలవకముందే, 1999లో, సౌదీ అరేబియాలో ఫోర్డ్‌ ఆ టైర్లను మార్చడం మొదలుపెట్టింది! ఆ కబురు అమెరికా ప్రభుత్వానికి చేరలేదు. అందుకే 2000 నవంబరులో తెచ్చిన కొత్త చట్టంలో విదేశాల్లో చేసే రీకాల్‌లను కూడా తెలియజేయాలని, వచ్చిన ఫిర్యాదులు, నష్టపరిహార కేసుల వివరాలను ఎప్పటికప్పుడు ఇవ్వాలని నిబంధన పెట్టారు.

‘తాళాల గుత్తి బరువు తగ్గించుకోండి’

ఫిర్యాదులు వచ్చినా వాటిని ఏ ఖాతాలో వేస్తారన్నది కూడా ముఖ్యమే. జనరల్‌ మోటార్స్‌ కథే చూడండి. కంపెనీ తయారుచేసిన కోబాల్ట్‌ లాంటి చిన్నకార్లలో ఇగ్నిషన్‌ స్విచ్చి వదులుగా ఉండేది. మోకాలు తగిలినా, తాళాల గుత్తి బరువుగా ఉన్నా తాళంచెవి దానంతట అదే తిరిగిపోయేది. నడుస్తున్న ఇంజిను ఆగిపోయేది. స్టీరింగు బరువెక్కేది. అన్నిటికన్నా ఘోరం, ఆ సమయంలో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు.

ఇంజిను ఆగిపోతోందని యజమానులు మొదట్నుంచీ మొరపెట్టుకున్నారు. కంపెనీ లోపల దాన్ని భద్రత సమస్యగా కాకుండా ‘వినియోగదారుల సౌకర్యం’ అనే ఖాతాలో వేశారు. 2005లో డీలర్లకు ఒక సూచన వెళ్లింది. తాళాల గుత్తికి బరువైనవేవీ తగిలించొద్దని యజమానులకు చెప్పమని! 2006లో ఆ స్విచ్చిని గుట్టుచప్పుడు కాకుండా మెరుగుపరిచారు. కానీ పార్టు నంబరు మార్చలేదు. పాతదేదో కొత్తదేదో బయటివాళ్లు పోల్చుకోలేని పరిస్థితి. జార్జియా రాష్ట్రంలో కారు ప్రమాదంలో కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు కోర్టుకెళ్లాక, వాళ్ల తరఫు ఇంజినీరు పాత స్విచ్చినీ కొత్త స్విచ్చినీ విప్పి పక్కపక్కన పెట్టి చూశాకే ఆ తేడా వెలుగులోకి వచ్చింది.

2014లో 26 లక్షల కార్లను వెనక్కి పిలిచారు. కంపెనీ ఏర్పాటుచేసిన పరిహార నిధి 124 మరణాలకు ఈ లోపంతో సంబంధముందని అంగీకరించింది. ఇంతా చేసి ఆ భాగం మార్చడానికయ్యే ఖర్చు డాలరు కూడా లేదు!

జపాన్‌లో ఇంకా విచిత్రం. 2000 జులైలో ఎవరో ఇచ్చిన సమాచారంతో రవాణా శాఖ అధికారులు మిత్సుబిషి మోటార్స్‌లో తనిఖీకి వెళ్లారు. చూస్తే, ప్రభుత్వానికి చూపించాల్సిన ఫిర్యాదుల కాగితాలు లాకర్‌ గదిలో దొరికాయి. రెండు దశాబ్దాలకు పైగా ఫిర్యాదులను దాచిపెడుతూ, రీకాల్‌ ప్రకటించకుండా గుట్టుగా మరమ్మతులు చేస్తున్నట్టు కంపెనీ ఒప్పుకోవాల్సి వచ్చింది. అధ్యక్షుడు పదవి వదులుకున్నాడు. అక్కడితో అయిపోయిందనుకుంటే పొరపాటే. 2002 జనవరిలో యొకొహామాలో ఆ సంస్థ లారీ చక్రం ఒకటి ఊడి దొర్లుకుంటూ వచ్చి, పిల్లలతో నడిచివెళ్తున్న ఓ తల్లిని బలి తీసుకుంది. చక్రాన్ని పట్టి ఉంచే హబ్‌లోనే లోపముందని కంపెనీ ఒప్పుకోవడానికి 2004 దాకా పట్టింది.

ఆ తల్లి లారీ కొన్న మనిషి కాదు. నడిపిన మనిషీ కాదు. బండిలో లోపం దాన్ని కొన్నవారి ఇంటి సమస్య మాత్రమే కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ ఏం కావాలి?

మన దగ్గర ఏం జరిగింది?

మన దేశంలో చాలాకాలం రీకాల్‌ అన్న మాటంటేనే కంపెనీలకు భయం. 2010 మార్చిలో ముంబయిలో షోరూమ్‌ నుంచి ఇంటికి తీసుకెళ్తున్న కొత్త నానో కారు తగలబడిపోయింది. ఇలాంటివి మరికొన్ని జరిగాక ఆ ఏడాది నవంబరులో టాటా మోటార్స్‌ అదనపు రక్షణ ఏర్పాట్లను ఉచితంగా చేస్తామని ప్రకటించింది. కానీ ఇది రీకాల్‌ కాదని చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో మాత్రం మారుతీ సుజుకీ ఫ్యూయల్‌ పంపులోని గ్యాస్కెట్‌ మార్చడానికి లక్ష ఏ-స్టార్‌ కార్లను వెనక్కి పిలిచింది. పిలవాలన్న చట్టం అప్పటికి లేదు.

2012 జులైలో వాహన తయారీదారుల సంఘం సియామ్‌ స్వచ్ఛంద రీకాల్‌ నియమావళిని తెచ్చింది. స్వచ్ఛందం అంటే ఎవరి ఇష్టం వారిది. కంపెనీ పిలిస్తే సరి, పిలవకపోతే అడిగేవాడు లేడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ లోటు తీరింది. కొత్తగా చేర్చిన 110ఎ సెక్షన్‌ ప్రకారం, ఒక రకం వాహనంలోని లోపం డ్రైవరుకు గానీ, ప్రయాణికులకు గానీ, రోడ్డు మీద వెళ్లే ఇతరులకు గానీ, పర్యావరణానికి గానీ హాని చేసేలా ఉంటే ఆ వాహనాలను వెనక్కి పిలవమని కేంద్ర ప్రభుత్వం కంపెనీని ఆదేశించవచ్చు.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. లోపం సంగతి కేంద్రానికి ఎలా తెలియాలో కూడా చట్టమే చెప్పింది. పరీక్షా సంస్థల ద్వారా తెలియవచ్చు, మరే ఇతర మార్గంలోనైనా తెలియవచ్చు. కానీ అన్నిటికన్నా ముందు రాసిన మార్గం... నిర్ణీత శాతం మంది వాహన యజమానులు ఫిర్యాదు చేయడం! అంటే యజమానుల ఫిర్యాదుకు చట్టంలోనే చోటుంది. ఆదేశం వచ్చాక కంపెనీ బండిని బాగుచేయాలి, లేదా మార్చి వేరేది ఇవ్వాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. 2021 ఏప్రిల్‌ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలతో జరిమానా రూ.10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా ఉంది. ఈ నిబంధనలు ఏడేళ్ల లోపు వాహనాలకు వర్తిస్తాయి. కంపెనీ తనంతట తాను లోపాన్ని గుర్తించి ప్రభుత్వానికి చెప్పి రీకాల్‌ మొదలుపెడితే జరిమానా ఉండదు. దాచిపెట్టేకన్నా ఒప్పుకోవడమే లాభమనిపించడానికే ఈ ఏర్పాటు.

ఆ వేసవిలో...

నిబంధనలు అమల్లోకి వచ్చిన ఏడాదికే పెద్ద పరీక్ష ఎదురైంది. 2022 వేసవి మొదలవుతూనే ఎలక్ట్రిక్‌ స్కూటర్లు అంటుకోవడం మొదలైంది. మార్చిలో తమిళనాడులోని వేలూరులో ఛార్జింగ్‌ పెట్టిన స్కూటర్‌ అంటుకుని తండ్రీకూతుళ్లు చనిపోయారు. పుణెలో రోడ్డు పక్కన ఆపి ఉన్న ఓలా స్కూటర్‌ మండుతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. ఏప్రిల్‌లో మంటలు మన ఇళ్లకే వచ్చాయి. నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్‌ పెట్టిన బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు కన్నుమూశాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే విజయవాడలో, ముందురోజే కొన్న స్కూటర్‌ బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్‌ పెట్టుకుని పడుకున్న కుటుంబం మీద తెల్లవారుజామున నిప్పులు కురిశాయి. ఇంటి యజమాని చనిపోయాడు. భార్యాపిల్లలు గాయపడ్డారు.

ఈసారి స్పందన త్వరగానే వచ్చింది. నిర్లక్ష్యం రుజువైతే భారీ జరిమానాలు వేస్తామని, లోపమున్న వాహనాలన్నిటినీ వెనక్కి పిలిపిస్తామని కేంద్ర మంత్రి నితిన్‌ గడ్కరీ ఏప్రిల్‌ 21న హెచ్చరించారు. అదే నెలలో ఒకినావా 3,215 స్కూటర్లను, హైదరాబాద్‌కు చెందిన ప్యూర్‌ ఈవీ 2,000 స్కూటర్లను, ఓలా 1,441 స్కూటర్లను వెనక్కి పిలిచాయి. బ్యాటరీల భద్రత ప్రమాణాలను తేల్చడానికి వేసిన నిపుణుల సంఘానికి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ డైరెక్టర్‌ టాటా నర్సింగ్‌రావు నేతృత్వం వహించారు. కఠినతరం చేసిన ప్రమాణాలు 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు విడతల్లో అమల్లోకి వచ్చాయి.

మంచిదే. కానీ ప్రమాణాలు మారడానికి ముందు ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. పేలే ముందు బ్యాటరీ కొన్నిసార్లు హెచ్చరిస్తుంది. విపరీతంగా వేడెక్కడం, ఉబ్బడం, ఘాటు వాసన రావడం... ఇలాంటివి కనిపించినప్పుడే నమోదైన ఫిర్యాదుకు ఎంత విలువుంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకరికి న్యాయం... అందరికీ భద్రత

బండి మోసం చేస్తే కోర్టుకెళ్లొచ్చు కదా అంటారా? వెళ్లొచ్చు. ప్రమాదంలో తన క్రెటా కారు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదని ఓ యజమాని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షానే నిలిచింది. ఎంత వేగంతో, ఎంత బలంతో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందో లెక్కలు వేయడానికి వినియోగదారుడేమీ భౌతికశాస్త్ర నిపుణుడు కాదని తేల్చిచెప్పింది. పరిహారంతో పాటు కారునూ మార్చివ్వాలన్న ఆదేశాన్ని సమర్థించింది.

గెలుపే! కానీ ఆ గెలుపు ఒక్క కారుకు. అలాంటి లోపమే ఇంకో వెయ్యి కార్లలో ఉంటే వాటి సంగతేంటి? కేసు ఒకరికి న్యాయం చేస్తుంది, రీకాల్‌ అందరికీ భద్రతనిస్తుంది. రెండూ కావాలి. అందుకే ఫిర్యాదు ఒక్క కంపెనీకి చెప్పి ఊరుకోకుండా ప్రభుత్వ లెక్కల్లోకి కూడా ఎక్కేలా చూసుకోవాలంటారు.

అలా ఎక్కితే ఏమవుతుందో చెప్పడానికి ఇటీవలి ఉదాహరణ ఉంది. 2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు వరకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఓలా ఎలక్ట్రిక్‌ మీద 10,644 ఫిర్యాదులొచ్చాయి. అన్నీ భద్రతకు సంబంధించినవి కావు, సర్వీసింగ్‌ ఆలస్యం లాంటివీ ఉన్నాయి. అయినా ఆ అంకెను చూశాకే 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ షోకాజ్‌ నోటీసు ఇచ్చింది. దాదాపు అన్నీ పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. పదివేల మంది షోరూముల ముందు అరిచినా రాని జవాబు, పదివేల ఎంట్రీలు ఒకచోట చేరేసరికి వచ్చింది.

పిలిచినా వెళ్లకపోతే?

ఇక నాణేనికి రెండోవైపు. కంపెనీ పిలుస్తుంది... మనమే వెళ్లం! ‘బండి బాగానే నడుస్తోంది కదా’ అన్న ధీమా. ఇది ఎంత ప్రమాదమో చెప్పేది టకాటా ఎయిర్‌బ్యాగుల ఉదంతం. జపాన్‌కు చెందిన టకాటా సంస్థ ఎయిర్‌బ్యాగును ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్‌ వాడేది. వేడి, తేమ ఉన్న చోట ఏళ్ల తరబడి ఉంటే ఆ రసాయనం లక్షణం మారిపోయి, అవసరమైనప్పుడు మరీ బలంగా పేలుతుంది. లోహపు డబ్బా ముక్కలై డ్రైవరు మెడకు, ముఖానికి గుచ్చుకుంటుంది. కాపాడాల్సిందే ప్రాణం తీస్తుందన్నమాట! ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు మార్చాల్సి వచ్చింది. 2017లో టకాటా దివాలా తీసింది. అదే ఏడాది జనవరిలో మన దేశంలో హోండా 41,580 కార్లను ఈ ఎయిర్‌బ్యాగుల కోసమే వెనక్కి పిలిచింది.

ఈ లోపం బండి నడుపుతున్నప్పుడు ఏమాత్రం తెలియదు. చప్పుడు రాదు, దీపం వెలగదు. గుద్దుకున్నప్పుడే బయటపడుతుంది. వేడి, తేమ రెండూ ఎక్కువే ఉండే మన కోస్తా ఊళ్లలో పాత కారు నడిపేవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి.

సెకండ్‌హ్యాండ్‌ బండ్లతో ఇంకో చిక్కుంది. కంపెనీ కబురు మొదట కొన్నవారి చిరునామాకో, పాత ఫోన్‌ నంబరుకో వెళ్తుంది. చేతులు మారిన బండికి ఆ కబురు అందకపోవచ్చు. అమెరికాలో చదువుకోవడానికి వెళ్లి పాత కారు కొనుక్కునే మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. అక్కడ రీకాల్‌ పని పూర్తికాని పాత కార్లను అమ్మకూడదన్న జాతీయ చట్టం లేదు. కారు మీదుండే 17 అంకెలు, అక్షరాల ‘విన్‌’ నంబరును ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొడితే బాకీ ఉన్న రీకాల్‌ వివరాలు వచ్చేస్తాయి. కొనేముందు ఆ ఒక్క పనీ చేయమని ఇంటి నుంచి ఫోన్‌లో చెప్పడం మర్చిపోకండి.

మీరేం చేయాలి?

* బండి ఇబ్బంది పెడితే తేదీ, సమయం, ఎంత వేగంలో జరిగింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, డ్యాష్‌బోర్డు మీద ఏ దీపం వెలిగింది... అన్నీ రాసిపెట్టుకోండి. వీలైతే ఫొటో, వీడియో తీయండి.

* సర్వీస్‌ సెంటర్‌లో మీరు చెప్పిన సమస్యను మీ మాటల్లోనే జాబ్‌కార్డులో రాయించండి. ‘జనరల్‌ చెకప్‌’ అని రాస్తే ఒప్పుకోవద్దు. లోపమేమీ కనిపించలేదంటే ఆ ముక్కే రాసివ్వమనండి. నకలు దాచుకోండి.

* మార్చిన పాత భాగాన్ని అడిగి చూడండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో బిల్లులో ఉండాలి.

* కంపెనీ కస్టమర్‌ కేర్‌కు ఈమెయిల్‌ పంపి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

* భద్రతకు సంబంధించిన లోపమైతే కేంద్ర రవాణా శాఖ వాహన్‌ పోర్టల్‌లో నమోదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ నంబరు 1915.

* పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన ధర రూ.50 లక్షల దాకా ఉన్న కేసులు అక్కడే వేయొచ్చు. ధర రూ.5 లక్షల లోపైతే ఫీజు కూడా ఉండదు.

* ఆరు నెలలకోసారి ఛాసిస్‌ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో రీకాల్‌ ఉందేమో చూసుకోండి. సియామ్‌ వెబ్‌సైట్‌లోనూ స్వచ్ఛంద రీకాల్‌ల జాబితా ఉంటుంది. పాత బండి కొన్నవెంటనే మీ ఫోన్‌ నంబరును కంపెనీ దగ్గర నమోదు చేయించుకోండి.

* ఎలక్ట్రిక్‌ స్కూటర్‌ బ్యాటరీని పడకగదిలోనో, బయటికెళ్లే దారికి అడ్డంగానో ఛార్జింగ్‌ పెట్టొద్దు. రాత్రంతా వదిలేయొద్దు. ఉబ్బినా, వాసన వచ్చినా వాడటం ఆపేయండి.

లోపమున్న బండితో విసిగిపోయి చాలామంది చేసే పని ఒకటుంది. ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేసి చేతులు దులుపుకోవడం. అలా అమ్మేస్తే లోపం పోదు, దాని చిరునామా మారుతుందంతే. రేపు ఆ బండిలో ఎక్కేది ఇంకో ఇంటి పిల్లలు. అమ్మాలనుకుంటే నిరభ్యంతరంగా అమ్మండి. కానీ ముందు ఆ లోపం గురించి ఒక్క ఫిర్యాదు నమోదు చేయండి. పావుగంట పని. కంపెనీని కదిలించేది ఆ ఒక్క ఫిర్యాదే కాకపోవచ్చు. కానీ వెయ్యికి చేరాలంటే లెక్క ఒకటి నుంచే మొదలవ్వాలి!